కెప్టెన్‌గారి అసలు పేరు

"ఇదిగో, తువ్వాలు."

స్నానాలగదిలోంచి ఆ మాట బయటికి రాగానే ఇంట్లో రెండు ప్రాణాలు లేచి నిలబడ్డాయి. ఒకటి వంటింట్లో బీన్స్ తరుగుతున్న ఇల్లాలు, రెండోది ఆమె కాళ్ళ దగ్గర పడుకున్న కుక్క. ఆమె చాకు కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, బాల్కనీలో ఆరిన తువ్వాలు తీసుకుని వెళ్ళింది. వెనకాలే కుక్క వెళ్ళింది. తలుపు సందులోంచి ఒక తడిచెయ్యి వచ్చి తువ్వాలు అందుకుని లోపలికి పోయింది. తిరిగి వంటింట్లోకి వస్తూ ఆమె రొట్టె అంచు తుంచి కుక్క నోట్లో పెట్టింది. ఊరికే వెంట తిరిగిన పాపానికి దానికో ముక్క. ఆమె లేస్తే అది లేస్తుంది, ఆమె నడిస్తే అది నడుస్తుంది, అంతే కదా అనుకున్నారు ఇంట్లో అందరూ. అందరూ అంటే ఎంతమంది గనక, ఇద్దరే.

ఆ ఇంటాయన భార్యని పేరుతో పిలవగా విన్నవాళ్ళు ఆ అపార్టుమెంట్లో లేరు. కూరలో ఉప్పు తగ్గితే ఇదిగో. కళ్ళజోడు కనబడకపోతే ఇదిగో. ఆ కళ్ళజోడు తన నెత్తిమీదే ఉందని తెలిశాక, వెతకడం ఆపమని చెప్పడానికి ఇంకో ఇదిగో. ఆయన ఇన్నేళ్ళలో అన్న ఇదిగోలన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే, వాళ్ళ గుమ్మం దగ్గర్నించి సముద్రం దాకా రోడ్డు పడేది, మధ్యలో వంతెనలతో సహా. పెళ్ళైన కొత్తలో ఒక్కసారి మాత్రం పేరుతో పిలిచాడు. కిటికీ దగ్గర నిలబడి, బయట వాన పడుతుంటే చూద్దువుగాని రమ్మని పిలిచాడు. పనేమీ లేదు, ఊరికే వానని చూపించడానికి. అప్పుడు హాల్లో కూర్చున్న అత్తగారు దగ్గింది. పెద్ద దగ్గేం కాదు, గొంతులో ఈగ పడ్డట్టు చిన్న దగ్గు. "పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడమేంట్రా, నలుగురూ వింటే బాగుంటుందా" అంది తర్వాత, కొడుకుతోనే, కోడలికి వినిపించేటట్టు. అత్తగారు ఇప్పుడు పెద్దకొడుకు దగ్గర ఉంటోంది. దగ్గు మాత్రం ఈ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ పేరుని ఆఖరుగా నోరారా పిలిచింది ఆమె తల్లి. ఫోన్లో హలో అనేది కాదు ఆవిడ, ఎత్తగానే పేరే అనేది, చివరి అక్షరాన్ని కాస్త సాగదీసి, పెరట్లో ఆడుకుంటున్న పిల్లని లోపలికి రమ్మన్నట్టు. తల్లి పోయాక ఆ పేరు బ్యాంకు వాళ్ళకీ కొరియర్ వాళ్ళకీ మిగిలింది. వాళ్ళు దానికి ముందు ఇంటిపేరు తగిలించి, ఒక అక్షరం మింగేసి, సంతకం పెట్టించుకుని పోతారు. అలా వాడకం లేక ఆ పేరు, ఎప్పుడో చుట్టాలొస్తే తీద్దామని అట్టపెట్టెలో దాచిన పింగాణీ కప్పుల్లా, ఎక్కడో పైన అటక మీద ఉండిపోయింది.

కుక్క ఈ ఇంట్లోకి రావడం వెనక ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆమె భర్త నేలకి వేసే టైల్స్ అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. అక్కడి మేనేజరుగారి కుక్క పిల్లల్ని పెట్టింది. ఎవరికైనా కావాలా అని ఆయన అడిగితే, కావాలన్నవాళ్ళకి కాకుండా వద్దనలేనివాళ్ళకి దొరికిందది. అట్టపెట్టెలో తెచ్చి హాలు మధ్యలో పెట్టి, "దీని పేరు కెప్టెన్. నేనే పెంచుతాను, నువ్వేం కంగారుపడకు" అన్నాడు భర్త. ఆయన పెంచడమంటే ఫొటో తీసి మేనేజరుగారికి పంపడం. తక్కినవన్నీ చిల్లర పనులు. తిండి పెట్టడం, ఎత్తడం, కడగడం, సోఫా కింద దాక్కున్న చెప్పు ముక్కల్ని చీపురుతో బయటికి లాగడం, ఆ చిల్లరంతా ఆమె ఒళ్ళో పడింది. ఫోన్లో అత్తగారు, "నేనుంటే మంచినీళ్ళు ఇవ్వడానికి తీరిక లేదనేది, జంతువుకి మాత్రం స్నానాలు చేయిస్తోందట" అందని పెద్ద తోటికోడలు చెప్పింది. చెప్పి, "నేను చెప్పానని అనకు" అని కూడా చెప్పింది.

హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు అంతకుముందు వారానికోసారి ఫోన్ చేసేది. కుక్క వచ్చాక రోజూ చేస్తోంది, వీడియోలో. ఆమె ముందు సంబరపడింది. మొదటి సాయంత్రం తల దువ్వుకుని మరీ ఫోన్ ఎత్తింది. "అమ్మా, కొంచెం పక్కకి జరుగు, వాడు కనబడట్లేదు" అంది కూతురు. ఆమె జరిగింది. అప్పట్నించీ ఫోన్ మోగితే కెమెరా కుక్క వైపు తిప్పి, ఆ వెనకాల నిలబడి కూతురి నవ్వు వింటుంది. బావుంటుంది ఆ నవ్వు. తన కోసం కాకపోయినా తన ఇంట్లోనే కదా వినిపిస్తోంది అనుకుంటుంది.

ఇలా ఉండగా ముప్పు వచ్చింది. ఆమె ఒక కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. భర్త ఆఫీసుకీ ఆమె దుకాణానికీ పోయాక కుక్క ఒంటరిదై ఏడవడం మొదలుపెట్టింది. మొరగడం కాదు, మోర పైకెత్తి ఒకటే రాగం. ఆ ఏడుపుకి లిఫ్టు రెండంతస్తుల మధ్య బిగుసుకుపోయిందని ఒకరు చెప్పారు. తమ ఇంట్లో గోడగడియారం వెనక్కి నడిచిందని ఇంకొకరు చెప్పారు. "లిఫ్టు ముందునుంచీ అంతేనండీ" అన్నాడు వాచ్‌మన్, కానీ వాచ్‌మన్ మాట ఎవరు వింటారు. అపార్టుమెంటు సంఘానికి సెక్రటరీ ఒక రిటైరైన స్టేషన్‌మాస్టరు. ఆయన పొద్దున కలిసినప్పుడు బాగున్నారా అన్నా కూడా, రైలు ఆలస్యమని చెప్తున్నట్టే ఉంటుంది. ఆయన ఇంటికొచ్చి కూర్చుని, "నెలాఖరు ఆదివారం కింద పార్కింగులో నలుగురి ముందూ దీన్ని చూపించాలి. మనుషులు పక్కనుంచి పోతుంటే మీద పడకూడదు. చప్పుళ్ళకి జడవకూడదు. ఓనరు పిలిస్తే రావాలి. ఈలోపు ఏడుపు ఆగాలి. ఇవి కుదిరితే ఉంటుంది, లేదంటే దయచేసి వేరే ఏర్పాటు చూసుకోండి" అన్నాడు. టీ తాగి, కుక్క తల మీద ఒకసారి చెయ్యివేసి, "తప్పు నీది కాదులే" అని దానితో చెప్పి మరీ వెళ్ళాడు.

"కుదరకపోతే మా గోడౌన్‌కి పంపేద్దాం" అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "కాపలాకి పనికొస్తుంది. గొలుసు వేసి గేటు దగ్గర కట్టేస్తారు." ఆ గోడౌన్ ఆమె చూసింది ఒకసారి. ఊరి చివర, ఎండకి కాగే రేకుల షెడ్డు. సాయంత్రం తాళం వేస్తే మళ్ళీ తెల్లవారాకే మనిషి మొహం. ఆమె కిందికి చూసింది. కుక్క ఆమె పాదం మీద గడ్డం ఆనించుకుని కళ్ళు మాత్రం పైకెత్తి చూస్తోంది. ఆమె గుమ్మంలో అడుగుపెడితే తోకతో పాటు నడుమంతా ఊగిపోయేటట్టు ఎదురొచ్చే ప్రాణి ఈ భూమ్మీద అదొక్కటే. అంతకుముందు ఆమె ఇంటికి వస్తే ఎదురొచ్చేవి సింకులో గిన్నెలు.

మర్నాడు దుకాణంలో ఆమె మధ్యాహ్నం కాసేపు ఇంటికి వెళ్ళొస్తానని అడిగింది. దుకాణం ఓనరు కస్టమర్ల ముందు ఆమెని డాక్టరమ్మ అంటాడు, వాళ్ళు వెళ్ళాక తన స్నేహితులొస్తే టీ తెమ్మంటాడు. "పిల్ల చిన్నదన్నప్పుడు పర్మిషన్లు ఇచ్చాను. ఇప్పుడు కుక్కకీ మెటర్నిటీ లీవా" అన్నాడు. స్నేహితులు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే సంభాషణ పొడుగవుతుందని. ఆఖరికి భోజనం టైము వదులుకుంటే పొమ్మన్నాడు. లోపలి గదిలో ఎత్తు కుర్చీలో కూర్చున్నవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ ఆమె రోజంతా అడిగేది ఒకటే ప్రశ్న. "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా? ఇప్పుడా, ఇందాకా?" ఎవరికి ఎలా కనబడితే బాగుంటుందో అంత ఓపిగ్గా అడిగే మనిషి ఆ వీధిలోనే లేరు. కొందరు తేల్చుకోలేక తిప్పలు పడతారు. "తొందరేం లేదండీ, మీకెలా హాయిగా ఉందో చెప్పండి" అంటుంది. ఈ మాట తనతో ఎవరైనా అంటే ఏం చెప్పాలో ఆమెకి తెలియదు. అభ్యాసం లేదు.

ఆమె పిలిపిస్తే, కుక్కలకి తర్ఫీదు ఇచ్చే ట్రైనర్ అమ్మాయి ఒకరు స్కూటరు మీద వచ్చింది. ఆ అమ్మాయి నడుముకి సంచీ కట్టుకుని, నేలమీద కుక్కతో సమానంగా చతికిలబడి మాట్లాడింది. "దీనికి మనుషులంటే భయం లేదక్కా, లోకం అలవాటు లేదంతే. పుట్టినప్పట్నించీ నాలుగు గోడలే చూసింది. గొడుగు వేసుకున్న మనిషిని చూడాలి, హెల్మెట్ పెట్టుకున్నవాణ్ణి చూడాలి, లిఫ్టు ఎక్కాలి, పసిపిల్లల కేకలు వినాలి. అన్నీ ఒకేసారి మీద పోయొద్దు. దూరం నుంచి చూపించండి, భయపడకపోతే ఓ ముక్క పెట్టండి, రేపు ఇంకో అడుగు దగ్గరికి. ఎవరి దగ్గరికైనా వెళ్ళాలా వద్దా అన్నది దాని ఇష్టానికి వదిలేయండి, తాడు పట్టి లాగొద్దు. షికారుకి తీసుకెళ్తే కాళ్ళు అరిగేలా నడిపించడం కాదు, వాసన చూడనివ్వండి. చెట్టు మొదలే దాని న్యూస్‌పేపరు. చదవడం అయ్యేదాకా ఆగండి."

"మరి ఏడుపు?"

"మీరు లేకపోయినా మళ్ళీ వస్తారని దానికి తెలియాలి. తలుపేసి బయట నిలబడండి. ఏడవకముందే లోపలికి రండి. కొంచెం కొంచెంగా పెంచండి. ఇంకోటి, పేరు. పేరు పిలిస్తే దానికి మంచే జరగాలక్కా. మీ వైపు చూడగానే తినడానికి ఏదైనా పెట్టండి, లేదా తల నిమరండి. పేరు పిలిచి తిట్టడం, పేరు పిలిచి గదిలో పెట్టి గడియ వేయడం, ఇలాంటివి చేస్తే పేరు వినగానే మంచం కింద దూరుతుంది. పని పడితేనే పిలుస్తున్నారని తెలిశాక ఏ ప్రాణీ రాదు."

"వస్తాయమ్మా" అంది ఆమె. "కొన్ని వస్తాయి."

"ఏ బ్రీడక్కా?" అంది ఆ అమ్మాయి, నిజంగానే తెలుసుకుందామని.

ఆమె నవ్వి, క్యారెట్ తరగడానికి లేచింది.

ఆ నెలంతా ఆమె కుక్కకి లోకాన్ని చూపించింది. గొడుగుని హాల్లో విప్పి మూసి విప్పి, మూసినప్పుడల్లా ఓ క్యారెట్ ముక్క. భర్త హెల్మెట్ తను పెట్టుకుని గదుల్లో తిరిగితే, కుక్క ముందు గుర్రుమని, తర్వాత దగ్గరికొచ్చి వాసన చూసి, ఆ గిన్నె కింద ఉన్నది తన మనిషేనని తేల్చుకుని సిగ్గుపడింది. కుక్క సిగ్గుపడడం ఎవరైనా చూశారా అంటే, ఆమె చూసింది. లిఫ్టులో కిందికీ పైకీ ఊరికే తిరిగారు ఇద్దరూ, ఎక్కడా దిగే పని లేకుండా. వీధిలో ప్రతి చెట్టు మొదలూ చదవనిచ్చింది. కుక్క చదువుతుంటే ఆమె నిలబడేది. ఇన్నేళ్ళూ ఆ వీధిలో సంచీలతో పరుగులు పెట్టిందే తప్ప ఊరికే నిలబడింది లేదు. మంగలి దుకాణం మీద డాబాలో ఒక ముసలాయన పావురాలకి గింజలు వేస్తాడని ఆమెకి అప్పుడే తెలిసింది. ఎదురయ్యేవాళ్ళు ఆగి పలకరించేవాళ్ళు కూడా. "ఏరా, బాగున్నావా, అన్నం తిన్నావా, నిన్న కనబడలేదేం" అని వంగి అడిగేవాళ్ళు. వాళ్ళు అడిగే తీరుకి ఆమెకి గొంతు దాకా జవాబు వచ్చేది. తర్వాత నిటారుగా లేచి, ఆమె వైపు ఒక తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. నిన్న ఆమె కనబడిందో లేదో ఎవరూ అడగలేదు. అపార్టుమెంట్లో ఆమెకి అప్పటికే కొత్త బిరుదు వచ్చింది. కుక్కావిడ.

అన్నిటికంటే కష్టమైంది తలుపు పాఠం. చెప్పులేసుకుని, సంచీ భుజాన వేసుకుని, తాళం చప్పుడు చేసి బయటికొచ్చేది. వచ్చి ఎక్కడికీ వెళ్ళేది కాదు. మెట్ల మలుపులో, తన ఇంటికే తను పరాయిదానిలా గోడకి ఆనుకుని నిలబడేది. తలుపు అడుగున సందులోంచి కుక్క ఊపిరి వినబడేది. ముందు ఊపిరి, తర్వాత సన్నని మూలుగు, ఆ తర్వాత రాగం. ఆ రాగం వింటూ నిలబడడం ఎవరి గుండెకైనా కష్టమే. ఆమెకి ఇంకో కష్టం కూడా ఉంది, అది ఎవరికీ చెప్పుకునేది కాదు. ఆ రాగం ఆమెకి బావుంది. ఆమె లేదని ఈ ఇంట్లో ఎవరైనా ఏడవడం ఇదే మొదటిసారి. ఆమె ఆపరేషనుకి ఆస్పత్రిలో ఉన్నప్పుడు భర్త ఫోన్ చేసి, "ఇదిగో, వాషింగ్ మెషీన్‌లో పొడి ఎక్కడ వేయాలి" అని అడిగాడు. కూతురు హాస్టల్‌కి వెళ్ళేరోజు ఏడ్చింది గానీ, అది ఇల్లు విడిచిపెడుతున్నందుకు. ఇలా తలుపుకి ముక్కు ఆనించి, నువ్వే కావాలని ఏడ్చింది ఒక్క కుక్కే. ఆ ఒక్కదానికీ ఏడవకుండా ఉండడం తనే నేర్పాలి, తన చేతులారా, క్యారెట్ ముక్కలు పెట్టి మరీ. నేర్పకపోతే గోడౌన్. ఆమె మెట్ల మీద కూర్చుని, ఏడుపు ఆగే క్షణం కోసం ఎదురుచూసేది. ఆగగానే లోపలికెళ్ళి, "మంచివాడివి, ఏడుపు ఆపేశావుగా" అని తల నిమిరేది. ఒక సాయంత్రం ఆమె ఎంతసేపు నిలబడినా తలుపు అవతల నిశ్శబ్దంగానే ఉంది. పాఠం వచ్చేసింది. ఆమె గెలిచినట్టే. అయినా వెంటనే లోపలికి వెళ్ళలేకపోయింది. మెట్ల మీద కూర్చుని ముక్కు తుడుచుకుంది, కొంగుతో కాదు, చేతిలో ఉన్న కుక్క తుండుగుడ్డతోనే.

ఒక్క పేరు దగ్గరే బండి కదల్లేదు. కెప్టెన్ అంటే కుక్క ఫ్యాను వైపు చూసేది. భర్త అరిస్తే కిటికీ వైపు చూసేది. "దీనికి చెవుడు" అని తేల్చాడాయన. పశువుల డాక్టరు చెవిలో దీపం పెట్టి చూసి, "చెవులు నిక్షేపంగా ఉన్నాయి, మీ మాట మీదే గౌరవం లేదు" అన్నాడు. ఆమె ఆలోచిస్తే, తప్పు తనదీ ఉన్నట్టు తోచింది. ఆయన కెప్టెన్ అని పిలిచింది ఫొటోలకీ, బూటు నమిలినప్పుడూ మాత్రమే. తనసలు పిలవనే లేదు. ఎప్పుడూ కాళ్ళ దగ్గరే ఉండే ప్రాణిని పిలవాల్సిన అవసరం ఏముంది. ఆ మాట అనుకున్నాక ఆమె కాసేపు చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆ రోజునుంచీ కూర్చోబెట్టి పేరు నేర్పింది. కుక్క ఒక చెవి మాత్రం ఎత్తేది, పక్కింటివాళ్ళ ఫోన్ మోగితే మనం ఎత్తినంత.

"పిలిచేది నేను కదా, నేను చూసుకుంటాను" అన్నాడు భర్త. "మేనేజరుగారి ఇంటి రక్తం అది. నలుగురిలో పరువు తీయదు."

ఆదివారం రానే వచ్చింది. పార్కింగులో కార్లు జరిపి, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఒక కుక్కని చూడ్డానికి అంతమంది వస్తారని ఎవరూ అనుకోలేదు. లిఫ్టు దాకా నడవడానికి కూడా మోకాళ్ళు రావంటూ సంఘం మీటింగులకి ఎన్నడూ దిగని మూడో అంతస్తు ముసలావిడ, ఆ రోజు మెట్లు దిగి వచ్చి ముందు వరుసలో కూర్చుంది. భర్త ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తాడు ఆమె చేతిలోంచి తీసుకుని, "నువ్వు అలా స్తంభం దగ్గర నిలబడు, అడ్డం లేకుండా" అన్నాడు. ఆమె నిలబడింది.

స్టేషన్‌మాస్టరు చెయ్యి ఊపాడు. గొడుగు వేసుకుని ఒకాయన పక్కనుంచి వెళ్ళాడు. కుక్క చూసి ఊరుకుంది. హెల్మెట్ మనిషి వెళ్ళాడు. పసిపిల్లలు కేకలు వేస్తూ పరిగెత్తారు. ఎవరో ప్రెషర్ కుక్కర్ మూత నేలమీద పడేశారు. కుక్క చెవులు వెనక్కి వాల్చి, స్తంభం వైపు ఒక్కసారి చూసి, ఆమె అక్కడే ఉందని తేల్చుకుని, నింపాదిగా కూర్చుంది. "శెభాష్" అన్నాడు కింది ఫ్లాటాయన, ఫిర్యాదు ఇచ్చింది తనేనన్న సంగతి మర్చిపోయి. "మీవారు బాగా తర్ఫీదు ఇచ్చారమ్మా" అంది ముందు వరుస ముసలావిడ, ఆమె వైపు తిరిగి.

"ఇక ఆఖరిది" అన్నాడు స్టేషన్‌మాస్టరు. తాడు తను పట్టుకుని కుక్కని ఆ చివర కూర్చోబెట్టాడు. భర్త ఈ చివర నిలబడ్డాడు. "పిలవండి సార్."

"కెప్టెన్, కమ్."

కుక్క గోడమీది ట్యూబులైటు వైపు చూసింది.

"కెప్టెన్."

కుక్క ఆవులించింది. కుర్చీల్లో నవ్వులు మొదలయ్యాయి. "ఇంకో ప్లాట్‌ఫారం మీద ఉన్నట్టుంది సార్" అన్నారెవరో. భర్త మెడ ఎర్రబడింది. ఇంకా గట్టిగా అరిచాడు. కుక్క తల తిప్పుకుంది. స్తంభం దగ్గర ఆమెకి రేకుల షెడ్డు, గేటు, గొలుసు, అన్నీ ఒకటొకటిగా కళ్ళ ముందుకొచ్చాయి. నలుగురిలో నగుబాటైన మగవాడు ఏం చేస్తాడో భర్తా అదే చేశాడు. విసురుగా భార్య వైపు తిరిగాడు.

"ఇదిగో, ఏంటిది?"

స్టేషన్‌మాస్టరు చేతిలోంచి తాడు జారిపోయింది. కుక్క నేలకి బొడ్డు తగిలేటంత వేగంతో పార్కింగు అంతా ఒక్క గెంతులో దాటి వచ్చి ఆయన బూట్ల ముందు కూర్చుంది. తోకతో నేల తుడుస్తూ, నోరు తెరిచి, ఆయన మొహంలోకి చూస్తోంది. సరిగ్గా అదే క్షణానికి స్తంభం దగ్గర్నించి ఆమె కూడా వచ్చి ఆయన ముందు నిలబడి ఉంది. ఎప్పుడు నడిచిందో ఆమెకే తెలియదు. ఇద్దరూ పక్కపక్కన, ఒకే దూరంలో, ఒకేలా తల పైకెత్తి, ఏం కావాలన్నట్టు ఆయన్ని చూస్తున్నారు.

పార్కింగు నవ్వుతో దద్దరిల్లింది. పక్క వీధిలో పావురాలు ఎగిరిపోయాయట. ముసలావిడ కళ్ళు ఒత్తుకుంది. "యాదృచ్ఛికం కావచ్చు" అన్నాడు స్టేషన్‌మాస్టరు, నవ్వుని మీసం కింద తొక్కిపెట్టి. "రూలు రూలే. మళ్ళీ పిలవండి సార్, ఆ పేరుతోనే." కుక్కని మళ్ళీ ఆ చివరికి తీసుకుపోయాడు. ఆమె మళ్ళీ స్తంభం దగ్గరికి వెళ్ళింది.

"ఇదిగో."

కుక్క వచ్చింది. ఆమె మడమ కూడా నేలమీంచి లేచింది. ఆమె దాన్ని చూసింది. తన కాలే, తన చెప్పే, తను చెప్పకుండానే లేచింది. చూసి, నెమ్మదిగా కింద పెట్టింది.

"పాస్" అన్నాడు స్టేషన్‌మాస్టరు. "పేరు ఏదైతేనేం, పిలిస్తే వచ్చింది. ఉండొచ్చు."

"మరి మేడమ్‌ని ఏమని పిలుస్తారు సార్?" అన్నాడు కింది ఫ్లాటాయన.

"ఇద్దరికీ కలిపి ఒకటే" అన్నాడు భర్త, పోయిన పరువు తిరిగొచ్చిన హుషారులో. "సులువు కదా." అందరూ మళ్ళీ నవ్వారు. ఈసారి ఆమె నవ్వలేదు. కుక్క దగ్గర వంగి, తాడు సర్దుతూ ఉండిపోయింది. ఆ పిలుపు వినగానే అది ఎందుకంత సంబరంగా పరిగెత్తిందో ఆమెకి అప్పటికి అర్థమైంది. ఆ మాట వినబడినప్పుడల్లా తను లేచేది, అది వెంట వచ్చేది, తిరిగొస్తూ తను దాని నోట్లో ఏదో ఒకటి పెట్టేది. ట్రైనర్ అమ్మాయి చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా, పిలిచిన ప్రతిసారీ దానికి మంచే జరిగింది. పిలుపు ఒకటే. దాని వాటాకి వచ్చింది రొట్టె ముక్క.

సాయంత్రం ఆమె బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కుక్క పాదాల దగ్గర పడుకుంది. మంగలి దుకాణం పైన ముసలాయన ఖాళీ గింజల డబ్బా తలకిందులుగా పెట్టి దులుపుతున్నాడు. హాల్లో భర్త ఫోన్లో మేనేజరుగారికి పొద్దున జరిగింది చెప్తున్నాడు, ఇదిగో సంగతి మినహాయించి. ఫోన్ పెట్టేశాక సోఫా కిర్రుమంది.

"ఇదిగో, టీ."

కుక్క లేచి లోపలికి వెళ్ళింది. ఆమె మడమ లేచింది. కింద పెట్టింది.

"నువ్వెందుకొచ్చావురా" అని లోపల్నించి నవ్వు. కాసేపాగి, "ఇదిగో, టీ అన్నాను."

"వచ్చిందిగా" అంది ఆమె బాల్కనీలోంచే.

"దాన్ని కాదు, నిన్ను."

"దాన్నే అనుకున్నానండీ. పొద్దున నలుగురి ముందూ దానికి ఖాయం చేశారు కదా. నన్నైతే నా పేరుతో పిలవండి."

ఆమె గొంతు పెంచలేదు. కస్టమర్లని అడిగేటప్పుడు ఉన్నంత నెమ్మదిగానే అంది. లోపల టీవీ చప్పుడు తగ్గింది. ఆమె ఎదురుగా రైలింగు వైపు చూస్తూ కూర్చుంది. ఎందుకో తల్లి గుర్తొచ్చింది, చివరి అక్షరం సాగదీసే ఆ గొంతు. చెవి తనకి తెలియకుండానే లోపలికి తిరిగింది. ఆయన ఆ పేరు మర్చిపోయి ఉండడు. వానని చూపించడానికి పిలిచిన నోరే కదా.

హాల్లో గొంతు సవరించుకున్న చప్పుడు వినబడింది. పేరుకి ముందు వచ్చే చప్పుడేమో అనుకుంది. కాదు. గొంతులో ఈగ పడ్డట్టు చిన్న దగ్గు, అచ్చం వాళ్ళమ్మ దగ్గే. దాని వెనక ఏమీ రాలేదు.

చాలాసేపటికి సోఫా మళ్ళీ కిర్రుమంది. అడుగులు బాల్కనీ వైపు రాలేదు, వంటింటి వైపు పోయాయి. పొయ్యి లైటరు నాలుగైదుసార్లు టిక్కుమంది. గిన్నె ఏదో జారిపడింది. అలమార తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. డబ్బాల మూతలు ఊడుతున్నాయి. ఒక పేరు పలకడం కంటే అదంతా తేలికనిపించినట్టుంది ఆయనకి. కుక్క తిరిగొచ్చి, నోట్లో ఏమీ పడనందుకు ఆశ్చర్యపోతూ, ఆమె పాదం మీద గడ్డం ఆనించింది. ఆమె దాని చెవుల మధ్య నిమురుతూ వింది.

పంచదార డబ్బా ఎక్కడుందో ఆ ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషిని ఇంకా ఎవరూ పిలవలేదు.